పల్లీల కౌంటర్ నుంచి చూసిన ఆట

సంక్రాంతికి వనపర్తి వస్తే మా బాబాయి కొడుకులు అడిగేది ఆట గురించే. పాలిటెక్నిక్ గ్రౌండ్‌లో పొద్దుగూకేదాకా క్రికెట్ ఆడే బ్యాచ్ వాళ్లది. "అక్కా, బేస్‌బాల్ అంటే అన్నీ ఫుల్‌టాస్‌లేనట గదా?" అన్నాడు చిన్నోడు. అత్తలు, పిన్నులు అడిగేది వేరే. "ఎంసీఏ చదివి అమెరికాల పల్లీలు అమ్ముతున్నవా?"

అమ్ముతున్నాను. మా ఆయన ఉద్యోగం మీద డిపెండెంట్ వీసాతో వెళ్లాను. వర్క్ పర్మిట్ చేతికొచ్చేసరికి ఏళ్లు గడిచాయి, రెజ్యూమెలో అంత గ్యాప్ చూసి ఏ ఐటీ కంపెనీ పిలవలేదు. దొరికింది డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ ఆడే స్టేడియంలో ఫుడ్ కౌంటర్ పని. గంటల లెక్కన జీతం. హాట్ డాగ్‌లు, నాచోస్, బీరు, పొట్టుతో వేయించిన పల్లీలు. ఆ పల్లీలు మన పాలమూరు పల్లీల రుచికి ఏమాత్రం సరిరావు, ధర మాత్రం అడగకండి.

ఇష్టంతో కాదు, అవసరం కోసం నేర్చుకున్నాను ఈ ఆట. ఒక జట్టులో ముగ్గురు ఔటైతే బ్యాటింగ్ రెండో జట్టుకు మారుతుంది. రెండు జట్లూ బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్, అలాంటివి తొమ్మిది. మూడో ఔట్ పడగానే రెండు నిమిషాల పైచిలుకు బ్రేక్, జనమంతా కౌంటర్ మీద పడతారు. అందుకే పైనున్న టీవీలో నేను చూసేది స్కోరు కాదు, ఔట్ల సంఖ్య. రెండు అని కనపడితే చేతులు వాటంతట అవే ట్రేల దగ్గరికి పోతాయి.

తమ్ముళ్లకు వాకిట్లో మిగిలిన ముగ్గుపిండితోనే గీసి చూపించాను. నాలుగు మూలల చతురస్రం, ఒక మూల తనవైపు తిప్పి పెట్టుకున్నట్టు. ఆ మూల హోమ్ ప్లేట్, బ్యాటర్ నిలబడేది అక్కడే. కుడివైపు ఫస్ట్ బేస్, ఎదురుగా సెకండ్, ఎడమన థర్డ్. ఒక్కో దాని మధ్య 90 అడుగులు. కొట్టగానే బ్యాట్ పడేసి ఉరకాలి. మూడు బేస్‌లూ తాకి మళ్లీ ఇంటికొస్తే ఒక పరుగు. ఒకే దెబ్బకు రానక్కర్లేదు, ఫస్ట్ బేస్‌లో ఆగి వెనకాల వచ్చేవాడు కొట్టేదాకా చూడొచ్చు. ఫెన్స్ అవతల పడితే హోమ్ రన్. బేస్‌ల మీద ముగ్గురుంటే నాలుగు పరుగులు, ఎవరూ లేకపోతే ఒక్కటే.

"సిక్స్ కొడితే ఒక్క పరుగా?" వాళ్లకు నిజంగా కోపమొచ్చింది.

క్రికెట్ చూసిన కళ్లకు ఇక్కడే తేడా కొడుతుంది. మనం బ్యాట్ వైపు చూస్తాం, అసలు ఆట బంతి విసిరే పిచర్ చేతిలో ఉంటుంది. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, నేలకు తగలకుండా, గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. నిర్ణయించుకోవడానికి బ్యాటర్‌కు అర సెకను కూడా దొరకదు. ప్లేట్ మీదుగా, మోకాళ్లకూ ఛాతీ మధ్యకూ నడుమ వెళ్లిన బంతిని వదిలేస్తే స్ట్రైక్, ఎక్కడి బంతికైనా బ్యాట్ ఊపి తప్పితే స్ట్రైక్. మూడైతే ఔట్. ఆ హద్దు బయట పడ్డవి ఊరికే వదిలేస్తే 'బాల్' అంటారు, నాలుగైతే ఫస్ట్ బేస్‌కు నడిచిపోవడమే. హోమ్ ప్లేట్ నుంచి ఫస్ట్, థర్డ్ బేస్‌ల మీదుగా పోయే గీతల బయటికి కొడితే ఫౌల్, అదీ స్ట్రైకే, కాకపోతే రెండు స్ట్రైకుల తర్వాత కొట్టే ఫౌల్ లెక్కలోకి రాదు. కాబట్టి ఒక మొండి బ్యాటర్ ఫౌల్ మీద ఫౌల్ కొడుతూ పిచర్‌ను అలిసిపోయేదాకా సతాయిస్తాడు. నాకు ఇష్టమైంది అదే.

క్యాచ్ పడితే ఔట్. నేలమీద దొర్లిన బంతిని తీసి, బ్యాటర్ కంటే ముందు ఫస్ట్ బేస్‌కు అందించినా ఔటే. పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టి బేస్ చేరేవాడు మంచి బ్యాటర్. ఔటైనవాడు మళ్లీ వరుసలో తన వంతు రాగానే దిగుతాడు. "మళ్లీ బ్యాటింగ్ ఇస్తరా!" ఈ ఒక్క రూల్ మావాళ్లకు తెగ నచ్చింది.

ఒక్కో జట్టు సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది, సగం సొంతూళ్లో. మార్చి చివర్లో మొదలై సెప్టెంబర్ దాకా దాదాపు రోజూ. ఓడితే ఏడ్చే టైం ఉండదు, రేపు మళ్లీ డ్యూటీ. 2023లో రేంజర్స్ మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే సీజన్ చివరి ఫైనల్, గెలిచారు, ఆ ఏడాది లీగ్ మ్యాచ్‌లలో ఓడినవి 72! అంతకన్నా నాకు గుర్తుండేది ఆ ఏడాదే పెట్టిన పిచ్ క్లాక్. బేస్‌లు ఖాళీగా ఉంటే పిచర్ 15 సెకన్లలోపు విసరాలి. మూడు గంటలు దాటే మ్యాచ్ సగటున రెండు గంటల నలభై నిమిషాలకు దిగింది. చూసేవాళ్లకు సంతోషమే. గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లను అడిగి పెట్టలేదు మరి.

తమ్ముళ్ల మొహాలు వెలిగింది మాత్రం గ్రాండ్ ప్రెయిరీ పేరు చెప్పినప్పుడు. మా పక్క ఊరే. 2024 టీ20 వరల్డ్ కప్‌లో అమెరికా పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించింది అక్కడే. అది ఒకప్పుడు బేస్‌బాల్ స్టేడియం, తర్వాత క్రికెట్‌కు మార్చారు. "అంటే మనోళ్లు గెలుచుకున్నట్టే గదక్కా" అన్నాడు పెద్దోడు.

"టై అయితే సూపర్ ఓవర్ ఉంటదా?" ఉండదు. తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సమానమైతే పదోది, పదకొండోది, ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడతారు. త్వరగా తేలాలని ఇప్పుడు లీగ్ మ్యాచ్‌లైతే ఆ ఇన్నింగ్స్‌లలో సెకండ్ బేస్ మీద ఒక రన్నర్‌ను ముందే నిలబెడుతున్నారు. మ్యాచ్ అలా సాగిన రాత్రి మేం కౌంటర్ కడిగి, క్యాష్ లెక్క చూసి బయటపడేసరికి కాళ్లు లాగేస్తాయి.

"ఆ ఎక్స్‌ట్రా టైంకు గంటకెంతిస్తరక్కా?" అన్నాడు చిన్నోడు.

ఆట గురించి అడగరా అన్నాను.