పచ్చికకు గ్రోత్ రెగ్యులేటర్: క్యాలెండర్ కాదు, వేడి లెక్క చూడండి

పచ్చిక పెరుగుదలను అణిచే గ్రోత్ రెగ్యులేటర్ మందు ట్రైనెక్సాపాక్-ఇథైల్ గడ్డిని చంపదు. కణాలను సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తయారీని చివరి మెట్టులో అడ్డుకుంటుంది, అంతే. ఆకు పొట్టిగా, ఒత్తుగా, ముదురు పచ్చగా వస్తుంది. కోత పని తగ్గుతుంది.

"నెలకోసారి కొడితే చాలు" అనుకోవడమే అసలు చిక్కు. ఎండ ముదిరేకొద్దీ గడ్డి ఈ మందును త్వరగా అరిగించేసుకుంటుంది. ఆ వెంటనే అణిగి ఉన్న పెరుగుదల ఎగదన్నుతుంది, అదీ మామూలు కంటే జోరుగా. అందుకే కొట్టిన మర్నాటి నుంచి రోజువారీ సగటు ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో కూడుతూ పోవాలి. బెంట్‌గ్రాస్ అనే గడ్డి పెంచిన గోల్ఫ్ గ్రీన్ల (గుంట చుట్టూ బాగా పొట్టిగా కోసే పచ్చిక) మీద మొత్తం 200కు చేరగానే మళ్లీ కొట్టాలి. సగటు 20 డిగ్రీలుంటే 10 రోజులు, 25 అయితే 8 రోజులే. బెర్ముడా గడ్డి లెక్క వేరు, దానికి ఈ అంకె వాడొద్దు.

ఈ మందు ఆకు ద్వారానే లోపలికి వెళ్తుంది కాబట్టి కొట్టాక కనీసం గంటసేపు నీళ్లు పెట్టకూడదు. పాక్లోబ్యూట్రజాల్ అనే మరో గ్రోత్ రెగ్యులేటర్‌ది ఇందుకు పూర్తిగా ఎదురు: దాన్ని వేరు పీల్చాలి, నీళ్లు పెట్టి కిందికి దించాలి.

మోతాదు లేబుల్ ప్రకారమే. స్ప్రే ఒకదాని మీద ఒకటి పడిన చార పసుపు తిరిగి కొన్నాళ్లు అలాగే కనిపిస్తుంది. తొక్కిడికి చితికిన చోట, తెగులు పట్టిన చోట మాత్రం అసలు కొట్టకండి. ఆ దెబ్బ మానాలంటే గడ్డి పెరగాలి కదా!