తలస్నానం చేశావా లేదా

పదకొండున్నర అయింది. పిన్ని పెట్టిన ఒక్క లైను బుర్రలోంచి పోవట్లేదు.

పొద్దున ఇఫ్లీ వెళ్ళొచ్చాం. ఆక్స్‌ఫర్డ్‌లో ఫాలీ బ్రిడ్జి నుంచి థేమ్స్ ఒడ్డున మైలున్నర నడక. ఈయన సంగతి తెలిసిందేగా, పార్కింగ్ టైము అయిపోతుందని దారి పొడుగునా వాచీ చూసుకోవడమే. అక్కడి సెయింట్ మేరీస్ చర్చి 1160ల నాటిదంటారు. మన హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. అంటే అక్కడా ఇక్కడా ఇంచుమించు ఒకే కాలంలో ఉలి చప్పుళ్ళు వినపడి ఉంటాయి. ఈ మాట చెబితే ఈయన ‘ఊఁ’ అన్నారు.

పడమటి వాకిలి చుట్టూ వరసగా పక్షి తలలు, ముక్కులతో రాతి అంచుని కరుచుకుని. వాటి కోసమే వెళ్ళాను. తీరా చూస్తే ఆ గోడంతా నీడే. పడమటి వైపు మధ్యాహ్నం దాటితే గానీ ఎండ రాదని నాకు తెలియదా? తెలుసు. బయల్దేరే టైము నా చేతిలో ఉంటే కదా! దక్షిణపు వాకిలి మాత్రం బాగా వచ్చింది. చాలాకాలం దాని ముందు వసారా ఉండేదట, అందుకే చెక్కడాలు పెద్దగా అరగలేదు.

లోపల జాన్ పైపర్ అనే చిత్రకారుడి రంగుల అద్దం చిన్నదానికి తెగ నచ్చింది. చెట్టు మీద కోడి ‘క్రీస్తు పుట్టాడు’ అంటుంది, బాతు ‘ఎప్పుడు? ఎప్పుడు?’ అని, గుడ్లగూబ ‘ఎక్కడ? ఎక్కడ?’ అని అడుగుతాయి. అంతా లాటిన్‌లో. కారులో ఇంటిదాకా గుడ్లగూబ గొంతే.

ఈ చర్చి గోడనానుకున్న గదిలో అన్నోరా అనే ఆవిడ 1232 నుంచి 1241 దాకా ఉంది. భర్త పోయాక తనంతట తనే లోపల ఉండిపోయి, బయటికి రాకుండా ప్రార్థనలో గడిపింది. వాళ్ళమ్మనీ అన్ననీ అప్పటి ఇంగ్లండ్ రాజు జాన్ చెరలో పెట్టి తిండి పెట్టకుండా చంపించాడు. ఆ జాన్ కొడుకు మూడో హెన్రీ ఈవిడకి కట్టెలూ ధాన్యమూ బట్టలూ పంపేవాడు. కట్టెలు పంపితే సరిపోతుందా అని మండింది. అసలు అన్నేళ్ళు గదిలోనా అని భయమూ వేసింది. ఆనక, టిఫినేంటి అని అడిగేవాళ్ళు లేని గది కదా అనీ అనిపించింది.

బయట సమాధులు. చర్చి కన్నా పాతదని చెప్పుకునే ‘యూ’ అనే చెట్టు, పక్కకి ఒరిగిన రాళ్ళు, వాటి మీద అక్షరాల్ని తినేసిన పాచి. ఒక రాయి మీది పేరు చదవడానికి ఇరవై నిమిషాలు కూర్చున్నాను. రాలేదు. ఫొటో తీశాను.

మొత్తం తొమ్మిది ఫొటోలు మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎనిమిది చెక్కడాలవి, ఎవరూ పలకలేదు. ఆ రాయి ఫొటో కింద మాత్రం పిన్ని: ‘ఆ సమాధుల్లో తిరిగొచ్చి తలస్నానం చేశావా లేదా?’

ఒళ్ళు మండిపోయింది. ఎనిమిదొందల ఏళ్ళ చెక్కడం చూపిస్తే తలస్నానమా! ఈ దేశంలోనే డార్కింగ్‌లో ఉన్న కాటన్ దొర సమాధికి మనవాళ్ళు దండలు పట్టుకుని వెళ్తారే, వాళ్ళనీ ఇలాగే అడుగుతారా? ఇదంతా టైపు చేసి, పంపకుండా చెరిపేశాను.

తాతయ్య పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వీధి చివర రావిచెట్టు దాటి ఆడవాళ్ళని రానివ్వలేదు. మగవాళ్ళు తిరిగొచ్చి బావి దగ్గర నీళ్ళు పోసుకుని, దీపం చూసి లోపలికి వెళ్ళారు. రావిచెట్టు దాకా వెళ్ళినందుకు పిన్ని నన్నూ బావి దగ్గరికి లాక్కెళ్ళింది. పుష్యమాసం. నెత్తి మీద చేదతో నీళ్ళు కుమ్మరించేసరికి గుక్కపట్టి ఏడ్చాను. తాతయ్య కోసం అనుకుని అందరూ ఏడుపు అందుకున్నారు. నేనేడ్చింది చలికి. పిన్నికి తెలిసిపోయింది. తన కొంగులోనే నన్ను చుట్టి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది, ఎవరికీ చెప్పలేదు.

తాతయ్య అస్థికలు గోదావరిలో కలిపారు. ఆయన పేరున్న రాయి ఎక్కడా లేదు. ఉంటే వెళ్ళి చదివేదాన్నా? ఏమో.

ఒకటి రాయలేదు. ఇంటికి రాగానే కెమెరా బల్ల మీద పెట్టి, వంటింట్లోకి పోకుండా తిన్నగా స్నానాల గదిలోకి వెళ్ళాను. తల మీంచే పోసుకున్నాను. పొద్దున్నే చేశావుగా అని ఈయన అడిగితే చెమట పట్టిందన్నాను.

పిన్నికింకా జవాబివ్వలేదు. అక్కడ నాలుగైంది. ఈపాటికి లేచే ఉంటుంది.