మూడో రోజు గ్రేడు

ఇక్కడి ఐవీఎఫ్ (అండాన్ని శరీరం బయట ఫలదీకరించే పద్ధతి) ల్యాబులో మేం తలో దేశం నుంచి వచ్చినవాళ్లం. చదువులు వేరు, నేర్పినవాళ్లు వేరు. ఒకే పిండాన్ని చూసి ఒకరు కణాల నుంచి తెగిపడిన ముక్కలు పది శాతం అంటే, ఇంకొకరు ఇరవై అంటారు. చేరిన కొత్తలో నాకిది చాలా టెన్షన్‌గా ఉండేది. అందుకే అప్పుడప్పుడూ అందరం ఒకే వీడియో ముందు కూర్చుని, ఎవరి గ్రేడు వాళ్లు రాసుకుని, తర్వాత పోల్చుకుంటాం. నాకు బాగా నచ్చే పని ఇదే.

కొలతలు మాత్రం అందరికీ ఒకటే. 2011లో వచ్చిన ఇస్తాంబుల్ కన్సెన్సస్ (పిండాలను ఎలా అంచనా వేయాలో నిపుణులు కుదుర్చుకున్న ఒప్పందం) ప్రకారం ఫలదీకరణ తర్వాత రెండో రోజుకు నాలుగు కణాలు, మూడో రోజుకు ఎనిమిది ఉండాలి. కణాలు సమానంగా ఉన్నాయా, ఒక కణంలో ఒకటికి మించి కేంద్రకాలు ఉన్నాయా అని చూస్తాం. కణాల మధ్య తెగిపడిన ముక్కలు పది శాతం లోపుంటే స్వల్పం, 25 దాటితే తీవ్రం.

కానీ మూడో రోజు వరకు పిండం చాలామటుకు అండంలో దాచి ఉన్న సరుకు మీదే నడుస్తుంది. దాని సొంత జన్యువులు గట్టిగా పని మొదలుపెట్టేది నాలుగు, ఎనిమిది కణాల మధ్య దశలో. కాబట్టి అప్పటికే తీర్పు చెప్పేయడం తొందరపాటు. ముక్కలు ఎక్కువగానే ఉన్న ఎనిమిది కణాల పిండాన్ని టైమ్ లాప్స్‌లో (కొద్ది నిమిషాలకోసారి తీసిన ఫొటోలతో చేసిన వీడియోలో) చూశాను. కణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా బిగుసుకుంటుంటే ముక్కలు బయటే ఉండిపోయాయి. అయిదో రోజుకు లోపల ఖాళీ ఏర్పడి, ఒక పక్క కణాల గుంపు దట్టంగా నిలిచింది. 4ఏబీ రాశాం: 4 అంటే పిండం ఎంత విచ్చుకుందో, ఏ అంటే లోపలి కణాల గుంపు గ్రేడు, బీ అంటే బయటి పొర గ్రేడు. చూడముచ్చటగా ఉన్న ఎనిమిది కణాలవి అక్కడే ఆగిపోవడమూ చూశాను. పై గ్రేడు వచ్చినా క్రోమోజోములు సరిగ్గా ఉన్నాయని అర్థం కాదు. ఏ పిండాన్ని ముందు గర్భంలో పెట్టాలో వరస తేల్చుకోవడానికే గ్రేడు.

దంపతులకు ఫోన్ చేసి చెప్పాల్సింది నేనే. సొంత భాషలో అయితే "కంగారు పడకండమ్మా" అని నాలుగు మాటలు కలపొచ్చు. ఇక్కడ నా యాస వాళ్లకు కొత్త, వాళ్ల మౌనం నాకు కొత్త. గ్రేడు "ఓ మోస్తరు" అనగానే అవతల గొంతు పడిపోతుంది. అందుకే ముందు కణాలు ఎన్నో, అది ఏ గంటకు చూసిందో చెబుతాను. అయిదో రోజున ఏం చూస్తామో వివరించి, ఆ తర్వాతే గ్రేడు చెబుతాను. ఉత్త గ్రేడు మెసేజ్‌లో పంపి ఊరుకోవడం నాకు నచ్చదు. వాళ్లు నన్ను మళ్లీ మళ్లీ చెప్పమన్నా సరే, అర్థమైందని వాళ్లు అనేదాకా చెబుతాను.