డబ్బాలో ఉమ్మి

2018 ఆగస్టులో గుజరాత్‌లోని వెరావల్ రేవుకు బోటు పనికి వెళ్ళాను. మా శ్రీకాకుళం తీరంలో చేప దొరకక ఏటా వందల మంది అలాగే వెళతారు. ముందే చేతిలో పడే అడ్వాన్సు, రెండు రోజుల రైలు, ఒకసారి సముద్రంలోకి దిగితే పదిహేను ఇరవై రోజులకు గానీ కనబడని ఒడ్డు. ఆ నవంబరులోనే మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్ళకు చిక్కారు, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. రేవులో ఎవరి నోట విన్నా అదే మాట. అలాంటప్పుడు ఒకడు దగ్గుతున్నాడంటే ఎవరికి పడుతుంది? నాకే పట్టలేదు.

సంక్రాంతి నాటికి సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడడం మొదలైంది. రాత్రి చెమటకు బనీను తడిసి ముద్దయ్యేది. వల లాగుతుంటే కళ్ళు తిరిగేవి. ఒడ్డుకు చేరాక ఒక్కడినే ఒక ప్రైవేటు క్లినిక్కుకు వెళ్ళాను. "చక్కర్ ఆవే ఛే?" అని అడిగాడు డాక్టరు. చక్కెర జబ్బు మా నాన్నకు ఉంది గానీ నాకు లేదు. లేదని తల అడ్డంగా ఊపాను. ఆయన అదే రాసుకున్నాడు. చక్కర్ అంటే కళ్ళు తిరగడమని నాకు తెలిసేసరికి ఆ సీజనే అయిపోయింది. ఒక సూది, ఒక సెలైను, మూడు రోజుల మాత్రలు ఇచ్చి పంపాడు.

తగ్గకపోతే మావయ్యను వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాను. వరసకు మావయ్య. మమ్మల్ని బోటుకు కుదిర్చింది ఆయనే, మా గుంపులో గుజరాతీ గడగడా మాట్లాడేదీ ఆయనే. డాక్టరు ఐదు నిమిషాలు చెప్పినదాన్ని మావయ్య ఒక్క ముక్కలో తేల్చాడు: "ఏదో పరీక్షట, డబ్బా ఇస్తారు." ఆయనను తప్పుపట్టను. చేపల బేరానికీ డీజిల్ లెక్కలకూ నేర్చుకున్న గుజరాతీ అది, ఊపిరితిత్తుల సంగతులకు చాలదు. పైగా ఆయన ముందు నేనూ నోరు విప్పలేదు. రెండుసార్లు దగ్గులో రక్తపు చార కనబడింది. ఆ మాట అంటే నన్ను రైలెక్కిస్తాడు, తీసుకున్న అడ్వాన్సు మా నాన్న నెత్తిన పడుతుంది. పని ఇప్పించినవాడినే దుబాసీగా పెట్టుకుంటే రోగి నోట నిజం ఎలా వస్తుంది?

డబ్బా ఇచ్చారు. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా. ల్యాబు కుర్రవాడు నోటివైపు వేలు చూపించి ఏదో అన్నాడు. ఉమ్మమంటున్నాడని అర్థమైంది. పరాయివాళ్ళ చేతికి ఇచ్చేది కదా అని కుళాయి దగ్గర నోరు పుక్కిలించి, పక్కకు తిరిగి, దగ్గు రాకుండా అణచుకుని మరీ, నోట్లో ఊరిన ఉమ్మిని మర్యాదగా వేసి మూత బిగించి ఇచ్చాను. నీళ్ళలా తేటగా ఉంది. ఫలితం వచ్చాక "ఏమీ లేదట" అన్నాడు మావయ్య.

ఆ గోడ మీద దగ్గుతున్న మనిషి బొమ్మతో ఒక పెద్ద కాగితం అంటించి ఉంది. అక్షరాలన్నీ గుజరాతీ. ఇంతమంది మావాళ్ళు దిగే రేవు కదా, ఆ డబ్బా మీద తెలుగులో నాలుగు మాటలు అచ్చు వేయడానికి ఎంత ఖర్చవుతుంది?

మర్నాడే బోటెక్కాను. ఆ వేటలో నిక్కరు నడుము మీద నిలవక వల కుట్టే నైలాను తాడుతో కట్టుకున్నాను. ఆ ఇరుకు కేబిన్‌లో నా పక్కన ఏడుగురు పడుకున్నారు.

మా వదిన ఆశా కార్యకర్త. ఒడ్డుకు వచ్చి అన్నయ్యతో ఫోనులో మాట్లాడుతుంటే నా దగ్గు విని ఫోను లాక్కుంది. ఎన్నాళ్ళ నుంచి అంది. రెండు నెలలన్నాను. పరీక్ష చేశారా అంది. చేశారు, ఏమీ లేదన్నారు అన్నాను.

"డబ్బాలో ఏమి వేశావు బాబూ? ఉమ్మా, కళ్ళెనా?"

కళ్ళె! ఊహ తెలిసినప్పటి నుంచి ఎరిగిన మాట. తెల్లవారుజామున ఏమీ తినకముందు, రెండు మూడు సార్లు నిండుగా గాలి పీల్చి, గుండెల్లోంచి దగ్గితే చిక్కగా వచ్చేదే కావాలట. చెప్పడానికి ఆమెకు నిమిషం పట్టలేదు. రెండోసారి పరీక్షలో టీబీ అని తేలింది.

మందు ఉచితం. బరువును బట్టి రోజూ మాత్రలు, 6 నెలలు. నర్సమ్మ మంచి మనిషి, వేళ్ళతో ఎంత చెప్పవచ్చో అంతా చెప్పింది. వేళ్ళతో చెప్పలేనిది మర్నాడు పొద్దున మూత్రంలో కనబడింది. నారింజ రంగు, ఇంచుమించు ఎరుపు. మన ఇళ్ళల్లో దాన్ని ఏమంటారు? వేడి చేసింది అంటారు. మందు ఆపి మజ్జిగ తాగమంటారు. గదిలో ఉన్న నలుగురూ అదే అన్నారు. 9 రోజులు ఆపాను. మజ్జిగకు మాత్రం అక్కడ కొదవ లేదు, ఛాస్ అంటారు, గ్లాసుల కొద్దీ తాగాను.

ఆ సంగతి వదినతో చెప్పడానికి సిగ్గేసి అన్నయ్యకు చెప్పాను. ఆయన పక్కనున్న ఆమెకు చెప్పాడు. ఆమె తిట్లు మాత్రం నేరుగా నాకే వినబడ్డాయి. అది ఆ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందు రంగట. చెమటకూ కన్నీళ్ళకూ కూడా ఆ రంగు రావచ్చట. దానితో భయం లేదు, మధ్యలో మానేస్తేనే భయం, క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయంది. మర్నాడే మిగిలిపోయిన మాత్రలు పట్టుకెళ్ళి నర్సమ్మకు చూపించి మళ్ళీ మొదలుపెట్టాను. నా పేరు టీబీ రోగుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ చిట్టా నిక్షయ్‌లో నమోదై ఉంది కాబట్టి మిగతా మందు మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మార్చారు. తిండి కోసం నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడ్డాయి.

ఇంటికి వస్తే అమ్మ పథ్యం. గుడ్డు వేడి, చేప పడదు, వంకాయ అసలే వద్దు. డాక్టరు గుడ్లు తినమన్నాడు, అచ్చ తెలుగులోనే. అమ్మ చెవికి ఎక్కలేదు. ఉడికించిన గుడ్డు పట్టుకొచ్చి, నేను తినేదాకా వదిన గుమ్మంలో నిలబడేది. సెప్టెంబరు చివరికి మందు పూర్తయింది. 43 కిలోలకు దిగినవాడిని 54కు చేరాను.

కేబిన్‌లో పడుకున్న ఏడుగురిలో ఒకడికి మరుసటి సీజనులో దగ్గు మొదలైంది. వెరావల్ నుంచే ఫోను చేశాడు.

"అన్నా, డబ్బా ఇచ్చారు."

ఇప్పుడేమీ వేయకు, మూతపెట్టి ఉంచు, తెల్లవారుజామున లేవగానే నాకు చెయ్యి అన్నాను. నాలుగున్నరకు చేశాడు. స్పీకరు పెట్టించి, గాలి పీల్చమన్నాను, మళ్ళీ పీల్చమన్నాను. దగ్గు వినబడింది. కాసేపు ఏమీ లేదు.

"ఎలా ఉంది?"

"చిక్కగా ఉందన్నా."