పడిన తోటలో ఏడేళ్లు

2018 అక్టోబరు 10, దేవీ నవరాత్రులు మొదలైన రోజు. ఆ రాత్రి తిత్లీ తుపాను తీరం దాటుతుందని టీవీలో చెబుతూనే ఉన్నారు. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రపు హోరు వినిపించేంత దగ్గర్లో ఉన్న ఊరు. 2013లో పైలీన్, ఆ మరుసటి ఏడు హుద్‌హుద్ చూసినవాళ్లం. అక్టోబరు వస్తే మాకు గుబులే. అయినా తోటంతా పోతుందని మాత్రం అనుకోలేదు.

మా ఆయన అప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో తాపీ పని చేస్తున్నారు. ఇంట్లో నేను, మావయ్య, ఇద్దరు పిల్లలం. అర్ధరాత్రి దాటాక వంటింటి రేకులు లేచిపోయాయి. పిల్లల్ని మంచం కిందికి తోసి నేను తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. గాలి హోరులో మధ్యమధ్య తోట వైపు నుంచి ఫట్ ఫట్ మని చప్పుళ్లు. మావయ్య ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి "చెట్లమ్మా" అని ఒక్క మాట అన్నారు.

తెల్లారాక వెళ్లి చూస్తే మా ఎకరన్నరలో 96 కొబ్బరి చెట్లకి 15 నిలబడి ఉన్నాయి. కొన్ని వేళ్లతో లేచి పడ్డాయి, కొన్ని నడుముకి విరిగాయి. జీడి చెట్లు తిరగబడి ఉన్నాయి. దారి ఎక్కడుందో తెలియలేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, బోరు తిరగదు కాబట్టి నీళ్లు లేవు. మేం బతికే ఉన్నామని మా ఆయనకి అయిదో రోజుకి గాని తెలియలేదు.

కొబ్బరి చెట్టు పడితే ఒక పంట పోయినట్టు కాదు. వరి పోతే వచ్చే ఏడు మళ్లీ నాటుకుంటాం. దేశవాళీ కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. మా చెట్లలో సగం మావయ్య వాళ్ల నాన్న నాటినవి. పిల్లల ఫీజులు, పెళ్లి ఖర్చులు, ఆసుపత్రి ఖర్చులు అన్నీ ఆ చెట్ల మీదే. అందుకే మా దగ్గర చెట్టుని పెద్ద కొడుకు అంటారు.

నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చారు, చెట్టు చెట్టూ లెక్కపెట్టారు. జాబితా అంటించినప్పుడు చూస్తే మా పేరు లేదు. పాసుపుస్తకం ఇంకా మావయ్య వాళ్ల నాన్న పేరు మీదే ఉంది, ఆయన పోయి పదకొండేళ్లు. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, అడంగల్ కాపీ, మావయ్య తోబుట్టువుల సంతకాలు అన్నీ పట్టుకుని నేను తిరిగాను. ఒకచోట సారు లేరంటారు, ఇంకోచోట కంప్యూటర్ తీసుకోవడం లేదంటారు. ఒకరోజు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. మా ఊరి ఆవిడే ఒకావిడ, తనదీ అదే సమస్య, పక్కన కూర్చుని తెచ్చుకున్న చద్దన్నం సగం పెట్టింది. మర్నాటి నుంచి ఇద్దరం కలిసి వెళ్లాం. పరిహారం పడేసరికి మరుసటి ఏడాది వచ్చింది. ఇది చదివే రైతులెవరి భూమైనా ఇంకా పోయినవాళ్ల పేరు మీదే ఉంటే, ఏ ఆపదా లేని ఇప్పుడే మార్పించుకోండి.

డబ్బు కంటే ముందు తోట శుభ్రం చేయాలి. దుంగలు కొనేవాళ్లు లేరు, ఎందుకంటే ఊరూరా దుంగలే. రంపం మెషిన్ అద్దెకి తెచ్చి కోయించాం. డబ్బులు చాలక ముప్పై దాకా దుంగలు గట్టు పక్కన వదిలేశాం. దానికి తర్వాత చాలా అనుభవించాం.

చెట్లు పడిన చాలా రోజుల వరకు మావయ్య తోటలోకి రాలేదు. సంక్రాంతి వెళ్లాక ఒక పొద్దున పలుగు చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే గొయ్యి తవ్వుతున్నారు. మీటరు లోతు, మీటరు వెడల్పు. "ఇప్పుడెందుకు మావయ్యా, నాటేది వానలకి కదా" అన్నాను. "మట్టి ఎండాలి. రోజుకొకటి తవ్వుకుంటే వానలకి అయిపోతాయి" అన్నారు. నేను తట్ట పట్టుకున్నాను. ప్రతి తుపాను తర్వాతా ఉద్దానం వాళ్లు, అంటే మా ప్రాంతం వాళ్లు, గట్టివాళ్లు అని రాస్తారు. ఆ మాట నేను కాదనను. కానీ నాకు ముందు నుంచీ గట్టితనం ఏమీ లేదు. పొద్దున లేస్తే ఒక గొయ్యి పని ఉంది, పక్కన ఇంకో మనిషి ఉన్నారు. అలా లేచాను అంతే. ఏడేళ్లని ఒక్కసారే తలుచుకుని ఉంటే ఆ పలుగు ముట్టుకునేదాన్నే కాదు.

2019 జూలైలో 70 మొక్కలు నాటాం. గొయ్యి అడుగున కొబ్బరి డొక్కలు పరిచి, ఉప్పు చల్లి, పైన ఎరువు కలిపిన మట్టి వేశాం. హైబ్రిడ్ అయితే నాలుగైదేళ్లకే కాస్తుందని కొందరు చెప్పారు. మావయ్య దేశవాళీయే కావాలన్నారు, అదే ఎక్కువ కాలం నిలుస్తుందని ఆయన నమ్మకం. మొక్కల మధ్య చోళ్లు (రాగులు), ఉలవలు వేశాం. అవి తిండికి సరిపోయాయి. చేతి ఖర్చుకి నేను కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లాను. పిక్క తొక్కలోని జీడి రసం చేతులకి అంటి చర్మం కాలి ఊడిపోయేది. నూనె, బూడిద రాసుకున్నా ఆగేది కాదు. రాత్రి పిల్లలకి అన్నం కలపాలంటే మంట. పెద్దది గమనించి, ఎనిమిదేళ్ల పిల్ల, తనే తమ్ముడికి కలిపి పెట్టడం మొదలుపెట్టింది.

2020 వేసవిలో లాక్‌డౌన్. మా ఆయన అక్కడే చిక్కుకుపోయారు, డబ్బు రాలేదు. అప్పుడే మొక్కల లేత ఆకులు కత్తెరతో కోసినట్టు విచ్చుకోవడం చూశాం. కొమ్ము పురుగు. కుళ్లిన కొబ్బరి దుంగల్లో, పెంటకుప్పల్లో గుడ్లు పెడుతుంది అది. మేం గట్టు పక్కన వదిలేసిన దుంగల్ని చీలిస్తే లోపల బొటనవేలంత లావు తెల్ల పురుగులు ముడుచుకుని ఉన్నాయి. ఇంత కష్టపడి నాటిన మొక్కల్ని తినే పురుగుని మేమే పెంచామని తెలిసిన ఆ రోజు నాకు తుపాను రోజు కంటే కష్టంగా గడిచింది. పందొమ్మిది మొక్కలు మొవ్వు, అంటే నడిమి చిగురు, తెగి చచ్చిపోయాయి.

ఊళ్లో అందరికీ అదే బాధ. ఒక్క తోటలో దుంగలు తీసేస్తే లాభం లేదు, పురుగు పక్క తోట నుంచి ఎగిరి వస్తుంది. మా వీధి వాళ్లం ఎనిమిది ఇళ్ల వాళ్లం కలిసి వంతులవారీగా ఒక్కో తోటలో దుంగలు చీల్చి కాల్చాం. మొవ్వులో రంధ్రం కనిపిస్తే ఇనుప చువ్వ దింపి పురుగుని లాగేవాళ్లం. మట్టల మొదళ్లలో వేపపిండి ఇసుకతో కలిపి పోశాం. చచ్చిన వాటి చోట మళ్లీ నాటాం. తర్వాత తెల్లదోమ వచ్చింది, ఆకులన్నీ మసి పూసినట్టు నల్లబడ్డాయి. దాన్నీ దాటాం.

2022లో మావయ్య కాళ్లు వాచాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. రక్తంలో క్రియాటినిన్ పెరిగితే కిడ్నీలు దెబ్బతిన్నట్టే అని ఇక్కడ చదువు రాని ముసలమ్మకి కూడా తెలుసు. ఆయనది ఏడు దాటింది. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు డయాలిసిస్. మా ఆయన అండమాన్ పని మానేసి వచ్చేశారు. ఆటోలో వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు తోట దగ్గర ఆపమనేవారు మావయ్య. దిగే ఓపిక లేకపోతే ఆటోలోంచే చూసేవారు.

పోయిన ఏడాది, 2025లో, గట్టు పక్క చెట్టు మొదటి గెల వేసింది. పిందెలు చాలా రాలిపోయాయి. తొలి గెల అంతేనని మావయ్య ముందే చెప్పి ఉంచారు నాకు. నాలుగు నిలిచాయి. బొండాలయ్యాక ఒకటి కోసి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. డయాలిసిస్ వాళ్లకి కొబ్బరి నీళ్లు పనికిరావు, అందులో పొటాషియం ఎక్కువ. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆయన బొండాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. చప్పుడు రాలేదు.

"నిండుగా ఉంది" అన్నారు. మనవణ్ని పిలిచి వాడికిచ్చారు. వాడు తాగుతున్నంతసేపూ వాణ్నే చూస్తూ కూర్చున్నారు.