ఎగ్జామ్ లేదు కదమ్మా

తాత ఎంతో ఇష్టంగా కొని తెచ్చిన కీబోర్డు మీద గుడ్డ కూడా తీయకుండా మా పాప నన్ను అడిగింది: "ఇప్పుడు ఎగ్జామ్ లేదు కదమ్మా, ఎందుకు వాయించాలి?"

మొండికేసి అన్న మాట కాదది. అలిగి అన్నదీ కాదు. ఎనిమిదేళ్ల పిల్ల, నిజంగానే అర్థంకాక అడిగింది. ఆకలి లేనప్పుడు కంచం ముందు కూర్చోబెడితే పిల్లలు ఎలా చూస్తారో అలా చూసింది నా వైపు.

నాయన గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. మేం ఇంగ్లండ్ నుంచి సెలవులకు తిరుపతి వస్తున్నామని తెలిసినప్పటి నుంచి గాంధీ రోడ్డులో అంగళ్లన్నీ తిరిగాడట. నెల రోజులు అలవాటు తప్పితే మనవరాలు వాయించడం మరిచిపోతుందేమోనని అరవై ఒక్క మెట్ల (కీల) చిన్న కేసియో ఒకటి కొన్నాడు. దుమ్ము పడకుండా అమ్మ పాత చీర ముక్క కప్పి ఉంచాడు. పాప మాట విని, "పోనీలేమ్మా, అంత దూరం ప్రయాణం చేసొచ్చింది. బిడ్డను బలవంతం చేయబాక" అని చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మాట పాపదే. కానీ ఎనిమిది నెలల పాటు రోజూ ఆ పిల్లకు అదే నేర్పింది నేను.

ఇంగ్లండ్‌లో పియానో నేర్చుకునే పిల్లలు చాలామంది అక్కడి సంగీత పరీక్షల బోర్డు ఏబీఆర్‌ఎస్‌ఎం పరీక్షలకు వెళ్తారు. గ్రేడ్ వన్ పరీక్ష పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. మూడు పాటలకు 30 చొప్పున 90 మార్కులు. స్కేల్స్‌కు, అంటే స్వరాలను వరుసగా పైకీ కిందికీ వాయించడానికి, 21. ఎప్పుడూ చూడని కాగితం ముందు పెట్టి, అర నిమిషం చూసుకోనిచ్చి వాయించమంటారు, దానికి 21. విన్నదాన్ని పట్టుకునే చెవి పరీక్షకు 18. మొత్తం 150లో 100 వస్తే పాస్, 120 వస్తే మెరిట్, 130 వస్తే డిస్టింక్షన్. నా ఫోన్ నంబర్ అడిగితే ఒక క్షణం ఆలోచిస్తానేమో గానీ, ఈ అంకెలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

టీచర్ ఇంకో టర్మ్ ఆగుదామంది. చేతులు కుదురుకున్నాయి గానీ, పాటతో ఇంకా స్నేహం కుదరలేదు అనే అర్థం వచ్చేలా ఏదో చెప్పింది. నేను వినలేదు. ఆదివారం తెలుగు క్లాసులో మా పాప పక్కన కూర్చునే అమ్మాయి అప్పటికే గ్రేడ్ వన్ పూర్తి చేసింది. వాళ్లమ్మ ఆ మాట నాతో గొప్పగా చెప్పలేదు, మామూలుగానే చెప్పింది. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు టీచర్‌కు మెసేజ్ పెట్టాను.

అప్పటిదాకా మా ఇంట్లో ఒక వాన పాట ఉండేది. పాప దాన్ని నల్ల మెట్ల మీద మాత్రమే వాయించేది. పియానో మీద నల్ల మెట్లు మాత్రమే ముట్టుకుంటే ఏ వేలు ఎక్కడ పడ్డా చెవికి ఇబ్బందిగా ఉండదు, అవి ఐదే స్వరాలు. మన లెక్కలో మోహన రాగం స్వరాలు. పాపకు ఆ పేరు తెలియదు. మెల్లగా మొదలుపెట్టి, చినుకులు పెద్దవై, ఉరుము ఒకటి వేసి, మళ్లీ తగ్గించి ఆపేది. ఏ రోజు వాన ఆ రోజుదే. పరీక్షకు పేరు ఇచ్చాక నేను ఫోన్‌లో ఇరవై నిమిషాల టైమర్ పెట్టడం మొదలుపెట్టాను. "ముందు నీ మూడు పాటలు. వాన తర్వాత." టైమర్ మోగేసరికి పాప లేచి వెళ్లిపోయేది. ఆ వాన ఏ రోజు ఆగిపోయిందో నాకు తెలియదు. ఇది రాస్తుంటే కూడా ఆ రోజు ఏదై ఉంటుందా అని వెతుక్కుంటున్నాను.

టీచర్ ప్రతి వారం పరీక్షతో సంబంధం లేని ఒక చిన్న పాట ఇచ్చేది, ఊరికే వాయించుకోమని. ఆ పుస్తకం కూడా నేనే అలమారలో పెట్టాను.

పరీక్ష రోజున పాప ఆ గదిలోకి ఒక్కతే వెళ్లింది. నేను బయట కుర్చీలో కూర్చుని తలుపులోంచి వినపడే స్వరాలు లెక్కపెడుతున్నాను. బయటికి వచ్చినప్పుడు దాని ముఖం వెలిగిపోతోంది. "రెండో పాటలో ఒక చోట తప్పు పోయిందమ్మా, అయినా ఆపలేదు, వాయిస్తూనే ఉన్నాను" అని కారు దాకా గెంతుతూ చెప్పింది. కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. 117. పాప నా భుజం పక్క నుంచి ఫోన్‌లోకి తొంగి చూస్తోంది. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "అయ్యో, మూడు మార్కుల్లో మెరిట్ పోయిందే."

"అంటే పాసవ్వలేదా?" అంది.

తర్వాత ఎంత ఎత్తుకున్నా, ఎంత ముద్దు పెట్టుకున్నా, ఐస్‌క్రీమ్ తినిపించినా ఆ మొదటి మాట వెనక్కి రాలేదు. అందుకే పరీక్షలే పిల్లల ఇష్టాన్ని చంపేస్తాయని ఎవరైనా అంటే నేను వెంటనే ఒప్పుకోలేను. తప్పు పోయినా ఆపకుండా వాయించానన్న సంతోషం ఆ పరీక్షే ఇచ్చింది నా కూతురికి. దాన్ని లాక్కున్నది నేను.

నాకు సంగీతంతో ఉన్న లెక్క వేరు. మా అమ్మ పెళ్లికి ముందు ఇక్కడి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో గాత్రం నేర్చుకుంది. నాకు సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతాలు, తొలి పాఠాలన్నీ తనే చెప్పింది. ఎనిమిదో తరగతి అయ్యాక మాన్పించింది. "టెన్త్ అయిపోనీ, మళ్లీ మొదలుపెడదువులే" అంది. టెన్త్ తర్వాత ఇంటర్, ఇంటర్‌తో పాటు ఎంసెట్, తర్వాత ఉద్యోగం, వీసా. ఆ తర్వాత ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. మొదలుపెట్టలేదు. ఆ కోపం నాలో ఇరవై ఏళ్లకు పైగా ఉంది. ఈసారి ఒక రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు అడిగేశాను, నా చేత ఎందుకు మాన్పించావని.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "పరీక్షల కోసరం నేను నీ పాట మాన్పించినా. నువ్వేమో నీ కూతురికి పాటకే పరీక్ష పెట్టినావు. రెండిట్లో ఏది పెద్ద తప్పో నాకూ తెలీదే."

గుడ్డ తీయడం వారం తర్వాత జరిగింది. నేను తీయించలేదు. పొద్దున అమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ సరిగమలు పాడుకుంటోంది, అలవాటు కొద్దీ. పాప పక్కన కూర్చుని వింటోంది. ఉన్నట్టుండి, "అవ్వా, నీ రి తప్పు" అంది.

"ఏందే, ఏం తప్పు?"

"కిందకి పాడుతున్నావు. ద కూడా." అని ఊరుకోలేదు. రుజువు చేయడానికి లోపలికి పరుగెత్తి, కీబోర్డు మీద గుడ్డ లాగేసి, సి మేజర్ స్కేల్ వాయించి చూపించింది. అమ్మ ఒలవడం ఆపి విన్నది. "అది శంకరాభరణం రాగం కదమ్మణ్ణీ. నేను పాడేది మాయామాళవగౌళ. మొదట నేర్చుకునేవాళ్లకు మా పద్ధతిలో ఇదే." పాప మళ్లీ వెతికింది. స నుంచి మొదలుపెట్టి రి, ద రెండూ నల్ల మెట్ల మీదికి జరిపి వాయించింది. అమ్మ పాట, పాప వేళ్లు కలిశాయి. "అవ్వా, నీది తప్పు కాదు, వేరే" అని ఒప్పుకుంది పాప.

ఆ రోజు నుంచి అమ్మ ఒక ముక్క పాడడం, పాప తిరిగి పాడడం ఒక ఆట అయింది. అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గ్రేడ్ వన్ చెవి పరీక్షలో అడిగేదీ ఇదే: వాయించిన చిన్న ముక్కను తిరిగి పాడడం, చప్పట్లతో నడక పట్టడం, ఎక్కడ స్వరం మారిందో చెప్పడం. అందులో మా పాపకు 18కి 14 వచ్చాయి. తెలియని మనిషి ముందు గొంతు విప్పడానికి సిగ్గుపడిందని కాగితంలో రాశారు. ఇక్కడ వీధి వినేలా పాడుతోంది. వంటింట్లో నిలబడి వింటున్న నాకు ఏమనిపించాలి? కళ్లు చెమర్చాయి, నిజమే. కానీ దానికి ముందు వచ్చిన ఆలోచన వేరు: గ్రేడ్ టూలో దీనికి పూర్తి మార్కులు వస్తాయి. అంత జరిగాక కూడా నా మనసు ముందుగా అక్కడికే వెళ్లింది. ఇది దాచి రాస్తే మిగతాదంతా అబద్ధం అవుతుంది.

మా వీధిలోకి ఏడు గంటలకు ఆకుకూరలామె వస్తుంది. "ఆకుకూరోయ్... తోటకూర, పాలాకూ..." అని. చివరి "కూ" ని ఒక వంపు వంచి పైకి లాగి వదిలేస్తుంది. పాప ఆ అరుపును కీబోర్డు మీద పట్టాలని కూర్చుంది. రెండు రోజులు ప్రయత్నించింది. ఎవరూ టైమర్ పెట్టలేదు. మూడో రోజు తాత దగ్గరికి వెళ్లి, "తాతా, ఆమె ఈ కీకి, ఈ కీకి మధ్యలో పాడుతోంది. ఇక్కడ కీ లేదు" అని ఫిర్యాదు చేసింది.

నాయన సంబరానికి హద్దు లేదు. మెట్ల వాయిద్యాల మీద స్వరాన్ని వంచే గమకం పలకదనే కదా ఆకాశవాణి వాళ్లు 1940లో హార్మోనియాన్ని బయట పెట్టి, 1971 దాకా రానివ్వలేదు అని దానికి కథలా చెప్పాడు. "పెద్ద పెద్దోళ్లు కొట్లాడుకున్న సంగతి నీకు ఆకుకూరలామె చెప్పింది చూడు." పాపకు ఎంత అర్థమైందో తెలియదు. మర్నాడు మాత్రం వాకిట్లో నిలబడి ఆమెను, "ఇంకోసారి అరవవా?" అని అడిగింది. ఆమె నవ్వి, రెండు సార్లు అరిచి, ఒక పాలకూర కట్ట ఊరికే ఇచ్చి వెళ్లింది.

తోటి తల్లులు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు కొన్ని మాటలున్నాయి. ఈ పరీక్షలకు ఫలానా వయసు అని లేదు. గ్రేడ్ వన్ రాయకుండా టూకి వెళ్లొచ్చు, త్రీకి వెళ్లొచ్చు, అసలు ఏదీ రాయకుండా వాయించుకోవచ్చు. 2020 నుంచి వీడియో తీసి పంపే పద్ధతీ ఉంది. అందులో స్కేల్స్, చెవి పరీక్ష ఉండవు, నాలుగు పాటలు వాయిస్తే చాలు. కానీ ఆపకుండా ఒకే రికార్డింగ్‌గా తీయాలి. నాలుగో పాటలో తడబడితే మళ్లీ మొదటి పాట నుంచి. నాలాంటి తల్లి పక్కన ఉంటే ఆ ఇంట్లో ఆ సాయంత్రం ఎలా ఉంటుందో ఊహించగలను. పరీక్ష పాటలు మూడు ఉంటే, పరీక్షకు పనికిరాని పాటలు కనీసం అన్నయినా ఇంట్లో వినపడాలి. టీచర్ ఆగమంటే ఆగాలి.

ఇవన్నీ తెలిసి చెబుతున్నాను. కానీ పాటిస్తానా? పరీక్ష లేకపోయి ఉంటే పాప సి మేజర్ స్కేల్ అంత శుభ్రంగా నేర్చుకునేదా, అది రాకపోతే అవ్వ రి వేరని పట్టుకునేదా? మా అమ్మ కూడా నాతో సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడించింది, నేను ఏడ్చినా వదల్లేదు. ఆ ఏడుపు నాకు గుర్తుంది. ఆ స్వరాలూ గుర్తున్నాయి. ఏడవకుండా అవి వచ్చి ఉండేవా? నాకు తెలియడం లేదు. తెలిసినట్టు మాట్లాడటం మానేయాలని మాత్రం అనిపిస్తోంది.

వెళ్లే ముందు రోజు పాప కీబోర్డు ముందు కూర్చుని ఆకుకూరలామె అరుపును తనకు చేతనైనట్టు వాయిస్తోంది. లేని స్వరం కోసం పక్కపక్క మెట్లు రెండూ ఒకదాని వెంట ఒకటి గబగబా నొక్కుతోంది. మణికట్టు కిందికి జారిపోయి ఉంది. "మణికట్టు ఎత్తు నాన్నా" అనేశాను. పాప వెనక్కి తిరిగి చూసింది. అమ్మ చూసింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. కాసేపటికి అరుపు మళ్లీ మొదలైంది, మణికట్టు సంగతి నేను తొంగి చూడలేదు.

తిరిగి వచ్చి రెండు వారాలైంది. నాయన ఆకుకూరలామె గొంతు ఫోన్‌లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాడు. వెనక కుక్క అరుపు, ఎవరిదో స్కూటర్ చప్పుడు. పాప ఫోన్‌ను పియానో మీద పెట్టుకుని పదే పదే వింటోంది, ఆపి వెతుకుతోంది, మళ్లీ వింటోంది. ఈ పియానోకి ఎనభై ఎనిమిది మెట్లున్నాయి కాబట్టి ఆ స్వరం ఇందులో దొరుకుతుందని దాని నమ్మకం. నేను పక్క గదిలో ఉన్నాను. గ్రేడ్ టూకి పేర్లు ఇచ్చే గడువు ఇంకా దాటలేదు. ఆ పేజీ తెరిచే ఉంది, పాప పేరు దాకా నింపాను.