స్కోరు ఉంది, పార్టులేవి?

శుక్రవారం, రాత్రి

ఈ రోజంతా వాల్టర్ కాఫ్‌మన్ అనే స్వరకర్త గొడవే. పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యే ముందు తంబూరా శ్రుతి మీద వాయొలిన్ పలికే ఆ చిన్న బాణీ అంటే మాత్రం రేడియో వింటూ పెరిగినవాళ్లెవరైనా ఠక్కున కూనిరాగం తీస్తారు. 1936 నాటి ఆ బాణీ ఆయనదే అని చెబుతారు. శివరంజని రాగం అని మనవాళ్లు పోల్చుకున్నదీ దాన్నే. చిత్రమేమిటంటే విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. ఆయన బొంబాయి వదిలి అప్పటికే రెండేళ్లు. మన ఇళ్లలో ఆ బాణీ మోగే సమయానికి ఆయన కెనడా చలిలో విన్నిపెగ్ సింఫనీ ఆర్కెస్ట్రాను నడుపుతున్నారు.

ఆ కాసిని స్వరాల మీదే ఆయన పేరు నిలబడిపోవడం నాకు మింగుడుపడదు. ఆపెరాలు, సింఫనీలు, బాలేలు, పదికి పైగా స్ట్రింగ్ క్వార్టెట్లు (నాలుగు తంత్రీ వాద్యాల రచనలు) రాసిన మనిషి. వాటిలో చాలా భాగం అచ్చు కాలేదు. అచ్చు కాని సంగీతం గతి ఏమిటన్నది ఆయన కాగితాలను చూస్తే తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

ప్రయాణం క్లుప్తంగా రాసిపెట్టుకుంటాను, తేదీలు సరిచూసుకోవడానికి పనికొస్తుంది. 1907 ఏప్రిల్ 1న కార్ల్స్‌బాద్‌లో పుట్టారు, ఇప్పుడది చెక్ దేశంలోని కార్లోవీ వారీ. బెర్లిన్‌లో ఫ్రాంజ్ ష్రేకర్ దగ్గర రచన నేర్చుకున్నారు. ప్రాగ్ జర్మన్ విశ్వవిద్యాలయంలో మాలర్ సింఫనీల మీద పరిశోధన చేశారు. తీరా అంతా అయ్యాక, గురువు గుస్తావ్ బెకింగ్ నాజీల మనిషని తెలిసి పట్టా పుచ్చుకోనన్నారు. 1934లో బొంబాయి చేరారు. అక్కడ ఛాంబర్ మ్యూజిక్ సొసైటీ పెట్టి విల్లింగ్డన్ జింఖానాలో గురువారం గురువారం కచేరీలు నడిపారు. పియానో తనదే, వాయొలిన్ మెహ్లీ మెహతా (జుబిన్ మెహతా తండ్రి), చెల్లో ఎడిజియో వెర్గా. 1937 నుంచి 1946 దాకా బొంబాయి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం ఆయన చేతిలో ఉండేది. తర్వాత లండన్. 1947లో కెనడాలోని హాలిఫాక్స్‌లో సంగీత పాఠశాల. 1948 నుంచి దాదాపు పదేళ్లు విన్నిపెగ్. 1957లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1984లో కన్నుమూసేదాకా బ్లూమింగ్టన్‌లోనే ఉన్నారు. ఆయన కాగితాలు ఆ విశ్వవిద్యాలయపు సంగీత గ్రంథాలయంలోనే ఉన్నాయి.

ఇన్ని ఊళ్లు మారిన కండక్టరు సామాను సర్దుకుంటే ఏం తీసుకెళ్తాడు? స్కోరు. అంటే అన్ని వాద్యాలూ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి కనిపించే పుస్తకం. అది ఆయన సొంతం. వాయించేవాళ్ల ముందు పెట్టే విడి కాగితాలు, అంటే పార్టులు, ఆయన పెట్టెలోకి రావు. అవి ఆర్కెస్ట్రా బీరువాలో, రేడియో స్టేషన్ అరలో, లేదంటే ఏ వాయొలిన్ పెట్టెలోనో ఉండిపోతాయి. అందుకే వలస వచ్చిన స్వరకర్తల సేకరణల్లో స్కోర్లు భద్రంగా ఉన్నా పార్టులు సగం దొరకవు. పట్టికలో పేరు చూసి "రచన ఉంది" అనుకుంటాం. ఉన్నది చదవడానికే. వాయించాలంటే ఒక్కో వాద్యానికీ మళ్లీ కాగితం తయారుచేయాల్సిందే.

పెట్టెల విషయానికొస్తే, ఎవరి సేకరణ అయినా మొదటి నియమం ఒకటే: ఉన్న వరుస చెదరగొట్టకూడదు. ఒక ఉత్తరం ఒక స్కోరు మధ్యలో ఉందంటే దానికో కారణం ఉంటుంది. ఆ వరుస ముందు రాసుకుని, ఆ తర్వాతే విడదీయాలి. తుప్పుపట్టిన జెమ్‌క్లిప్పులు, పిన్నులు లాగకూడదు. పలచని ప్లాస్టిక్ ముక్క కాగితానికీ క్లిప్పుకీ మధ్య దూర్చి, క్లిప్పునే పైకి జార్చాలి. ఆ గదిలో పెన్సిలు తప్ప పెన్ను కనిపించకూడదు. ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు అటూ ఇటూ, గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య. అంకె కన్నా నిలకడ ముఖ్యం. రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉండే తేమ కాగితాన్ని అలలు తేలుస్తుంది.

అన్నిటికన్నా తంటా తెచ్చేవి అతికించిన చీటీలు. స్వరకర్త నాలుగు బార్లు (నిలువు గీతల మధ్య ఉండే తాళపు గడులు) మార్చాలనుకుంటే పేజీ అంతా మళ్లీ రాయడు. కొత్త బార్లు ఒక చీటీ మీద రాసి పాతవాటి మీద అతికిస్తాడు. నలభై, యాభై ఏళ్లకు జిగురు చచ్చిపోతుంది. చీటీ ఊడి పెట్టె అడుగుకు చేరుతుంది. దాన్ని మళ్లీ అతికించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే కింద ఉన్న పాత పాఠం కూడా మనకు కావాలి. చీటీ మీద స్వరాలు రాసే అయిదు గీతల మధ్య ఎడం స్కేలుతో కొలిచి, ఏ పేజీతో సరిపోతుందో చూడాలి. పేజీ మీద ఎండిన జిగురు మరక ఆకారం, చీటీ వెనక మరక ఆకారం రెండూ కలిస్తే అనుమానం తీరినట్టే. అప్పుడు పారదర్శకమైన పాలియెస్టర్ కవరులో పెట్టి, పేజీ సంఖ్య, బార్ సంఖ్య కవరు మీద రాసి, ఆ పేజీ పక్కనే ఉంచాలి.

ఇక అమ్మోనియా ప్రింట్లు. ఇంజనీర్ల ఇళ్ల ప్లాన్ల లాంటివే. ఆ రోజుల్లో అచ్చుకు నోచుకోని స్వరకర్తలందరికీ అదే దిక్కు. అర్ధపారదర్శకమైన కాగితం మీద నల్ల సిరాతో రాసి, దాన్నుంచి కావాల్సినన్ని ప్రింట్లు తీసుకునేవారు. తప్పు దొర్లితే మూల కాగితం మీద సిరాను బ్లేడుతో గీకి మళ్లీ రాసేవారు. ఇందులోనే పరిశోధకుడికి పనికొచ్చే సంగతి ఉంది: దిద్దుబాటుకు ముందు తీసిన ప్రింటులో పాత స్వరాలు అలాగే ఉంటాయి. మూలంలో గీకిన చోటు గుర్తించి, ప్రింటులో అదే బార్ చూస్తే ఆయన ఏం కొట్టేశారో తెలిసిపోతుంది. ప్రింటు పనికిమాలిన నకలని పారేసేవాళ్లు ఈ సాక్ష్యాన్ని పారేసినట్టే. కాకపోతే ఈ ప్రింట్లు వెలుతురుకు రంగు మారుతాయి, పక్క కాగితాలకు మరక పెడతాయి. వేరే ఫోల్డరులో ఉంచాలి.

మధ్యాహ్నం నుంచి పార్టుల లెక్కలు. మామూలు సింఫనీ ఆర్కెస్ట్రాకు ఎన్ని కాపీలు పడతాయో వేసి చూస్తేనే ఈ రచనలు ఎందుకు మోగవో అర్థమవుతుంది. తంత్రీ వాద్యాలు (మొదటి వాయొలిన్లు, రెండో వాయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, డబుల్ బేస్‌లు) 12, 10, 8, 6, 4 చొప్పున ఉన్నాయనుకుందాం. ఒక స్టాండు దగ్గర ఇద్దరు కూర్చుంటారు కాబట్టి కాపీలు 6, 5, 4, 3, 2, మొత్తం 20. ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్ రెండేసి, అవి 8. హార్న్‌లు 4, ట్రంపెట్లు 2, ట్రాంబోన్లు 3. టింపనీకి ఒకటి, మిగతా తాళవాద్యాలకు ఒకటి. వెరసి 39 కాపీలు, వాటి వెనక 24 వేర్వేరు పార్టులు. స్ట్రింగ్ క్వార్టెట్‌కు నాలుగు చాలు. ఆయన సెప్టెట్‌కు (మూడు వాయొలిన్లు, ఒక వయోలా, రెండు చెల్లోలు, పియానో) ఏడు. టొరంటోకు చెందిన ఆర్క్ ఎన్‌సాంబుల్ 2020లో తెచ్చిన రికార్డింగులో 7వ, 11వ క్వార్టెట్లు, సెప్టెట్, వాయొలిన్ పియానో సొనాటా ఉండటంలో ఆశ్చర్యం లేదు. చిన్నవే ముందు బయటికి వస్తాయి. పెద్దవాటికి వాయించేవాళ్ల కన్నా ముందు రాసేవాళ్లు కావాలి.

పార్టు రాయబోయే ముందు స్కోరులో ప్రతి బార్‌కూ సంఖ్య వేసుకోవాలి. ఇది తప్పించుకుంటే తర్వాత పది రెట్లు ఏడుపు. కండక్టరు వాడిన స్కోరయితే నీలం, ఎరుపు పెన్సిలు గీతలుంటాయి. పెద్ద అంకెలు చేతితో వేసే తాళానివి, అవి పార్టులోకి రాకూడదు. ఒక చోట "వి", ముందుకెళ్లాక "డె" అని కనిపిస్తే ఆ మధ్య భాగం వదిలేయమని. ఆ కోత రచనలోదా, ఒక్క కచేరీలో సమయం చాలక పెట్టుకున్నదా అన్నది తేల్చాలి. నేనైతే కోసిన బార్లు కూడా పార్టులో రాస్తాను, పైన కోత గుర్తు పెడతాను. వాయించేవాళ్లు నిర్ణయించుకుంటారు.

క్లారినెట్, హార్న్‌ల దగ్గర ఇంకో గోతి ఉంది. బి ఫ్లాట్ క్లారినెట్ రాసినదాని కన్నా ఒక పూర్తి స్వరం కిందికి మోగుతుంది, ఎఫ్ హార్న్ అయిదో స్వరం కిందికి. కొంతమంది స్వరకర్తలు స్కోరులో వినిపించే స్వరమే రాస్తారు, కొంతమంది వాద్యగాడు చూసే స్వరం రాస్తారు. పైన ఏమీ చెప్పకపోతే, క్లారినెట్ వాయొలిన్‌తో కలిసి ఒకే వరస వాయించే చోటు వెతకాలి. రెండూ ఒకే స్వరాల్లో ఉంటే వినిపించేదే రాశారన్నమాట. ఇది చూడకుండా దింపేస్తే రిహార్సల్లో మొదటి నిమిషంలోనే పరువు పోతుంది.

మన చెవికి పనికొచ్చే సంగతి ఒకటి. శివరంజనిలో స, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, ప, చతుశ్రుతి ధైవతం. సి ని షడ్జంగా పెట్టుకుంటే సి, డి, ఇ ఫ్లాట్, జి, ఎ. ఆ ఇ పక్కన ఫ్లాట్ గుర్తు (అరస్వరం తగ్గించమని) ఒక్కటి మరిచిపోతే గాంధారం అంతరమైపోయి మోహనం అవుతుంది. చేతిరాతలో అది తేలిగ్గా జరిగే తప్పు, ఎందుకంటే బార్ గీత దాటగానే ముందు పెట్టిన గుర్తు చెల్లదు. రాసే మనిషి మనసులో మాత్రం అది ఇంకా అమల్లోనే ఉంటుంది. అలాంటి చోట తొందరపడి దిద్దకూడదు. అదే పదబంధం మళ్లీ ఎక్కడ వచ్చిందో, అక్కడ గుర్తు ఉందో లేదో, కింద వయోలా ఏ గాంధారం పట్టుకుందో చూడాలి. మూడు చోట్ల ఫ్లాట్ ఉండి ఒక చోట లేకపోతే తప్పే. వయోలా కూడా మామూలు ఇ వాయిస్తుంటే ఆయన కావాలనే మోహనంలోకి దిగారు. కాఫ్‌మన్ లాంటి మనిషి విషయంలో రెండోది కొట్టిపారేయలేం. 1968లో ఉత్తరాది రాగాల మీద, 1976లో దక్షిణాది రాగాల మీద పుస్తకాలు వేసినవారు. మొదట రికార్డుల్లో విన్నప్పుడు మన సంగీతం తనకేమీ అర్థం కాలేదని తనే ఒప్పుకున్నారు కూడా. ఆ పుస్తకాల్లోని ఆరోహణ అవరోహణలు అయిదు గీతల మీద చూస్తే గమకం కనపడదు, కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లకు అది ఎముకల గూడులా అనిపిస్తుంది. స్వరస్థానాలు సరిచూసుకోవడానికి మాత్రం అంతకన్నా ఏం కావాలి?

పేజీ తిప్పే చోటు సంగతి ఎవరూ చెప్పరు. కుడి పేజీ చివరి వరసలో విరామం పడాలి. పడకపోతే ప్రతి స్టాండు దగ్గరా ఒకరు తిప్పుతుంటే సగం వాయొలిన్లు ఒకేసారి ఆగిపోతాయి, గొంతు సన్నబడ్డట్టు స్పష్టంగా తెలిసిపోతుంది. పేజీ దిగువన సగం ఖాళీగా వదిలేసినా నష్టం లేదు. కాగితం 9 × 12 అంగుళాలకు తగ్గకూడదు, అయిదు గీతల ఎత్తు 7 నుంచి 8 మిల్లీమీటర్లు. ఎ4 మీద తీసి ఇస్తే స్టాండు అవతలివైపు కూర్చున్నవాళ్లకు చుక్కలే కనిపిస్తాయి. పొడుగాటి విరామాల తర్వాత పక్క వాద్యం వరస రెండు బార్లు చిన్న అక్షరాల్లో ఇవ్వాలి. ముప్పై బార్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న ఓబో మనిషికి అదే ఆధారం. ఆ విరామాన్ని ముప్పై అని ఒకే ముద్దగా కూడా రాయకూడదు. రిహార్సల్ అక్షరం (ఎక్కడినుంచి మొదలెట్టాలో చెప్పడానికి వేసే ఎ, బి, సి గుర్తు) పడిన చోటల్లా విడగొట్టాలి, లేకపోతే కండక్టరు "డి నుంచి" అనగానే అతనికి డి ఎక్కడుందో తెలియదు.

అన్నీ అయ్యాక ప్రతి పార్టులో మొత్తం బార్లు కూడాలి. స్కోరులో 214 ఉండి రెండో వాయొలిన్‌లో 213 వస్తే ఎక్కడో ఒకటి మింగేశామన్నమాట. ఒకేలా ఉన్న రెండు బార్లు పక్కపక్కన ఉన్న చోట ముందు వెతకాలి, కన్ను దూకేది అక్కడే. ప్రూఫు మొదటినుంచి చదివితే చెవి పాడేస్తూ పోతుంది, తప్పు కనపడదు. చివరి బార్ నుంచి వెనక్కి చదవాలి. నాకు రెండో వాయొలిన్, వయోలా పార్టులు ఇంకా మిగిలాయి. రేపు పొద్దున, కళ్లు అలిసిపోకముందే.